మెట్‌పల్లిలో చిల్లు తలె, ఉట్నూరులో ఎడ్ల గంట

మా ఊరు చొప్పదండి పక్కన ఉంటుంది. చదువు సెంటరులో నాతోపాటు పలక పట్టిన ఆడవాళ్లలో సగం మంది కరీంనగర్ దాటి ఎరగరు. నేను ఆరు రోజులు ఆదిలాబాద్ అడవుల దాకా పోయి వచ్చానని తెలిసి, నోటితో చెబితే గాలికి పోతుంది, రాసి చదివి వినిపించు అన్నారు. నలభై ఆరేళ్లకు అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. బస్సుల టైములు ఇందులో చెప్పను, అవి బస్టాండులో అడిగితే తెలుస్తాయి. చూసిన మనుషుల్ని, తిన్న తిండిని, చేసిన తప్పును రాస్తాను.

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. మూడేళ్ల కింద నాకు నెలనెలా బయట కూర్చోవడం ఆగిపోయింది. దానితోపాటు నిద్రా ఆగింది. రొమ్ముల నడుమ నుంచి నెత్తి దాకా ఒక్కసారి మంట ఎగదన్నేది. చలికాలంలో కూడా కొంగుతో విసురుకునేదాన్ని. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. కరీంనగర్‌లో సరోజనమ్మ అని ఉద్యోగం నుంచి దిగిపోయిన నర్సమ్మ ఉంది. ఆమె నాకు రక్త పరీక్ష చేయించి, బలానికి గోలీలు ఇప్పించి, ఆ తరువాత చాప మీద కూర్చోబెట్టింది. జానెడు వెడల్పున్న కంచు గిన్నెను అరచేతిలో పెట్టుకుని గుడ్డ చుట్టిన కర్రతో ఒకే ఒక్కసారి కొట్టింది.

"ఆ మోత ఎందాక పోతే అందాక నీ మనసును తోలుకపో. ఇగ ఇనవడ్తలేదు అనుకున్నప్పుడు చెయ్యి లేపు" అంది.

చెయ్యి లేపాక కళ్లు తెరవకూడదు. ముక్కులో గాలి వచ్చేది, పోయేది చూస్తూ ఉండాలి. ఆ తరువాత పెదవులు మూసి, అరచెయ్యి రొమ్ము మీద ఆనించి, తుమ్మెద లాగా సన్నగా మూలగాలి. అంతే. అందరి సంగతీ నాకు తెలియదు గాని, ఏడాది చేసేసరికి నాకైతే నిద్ర తిరిగి వచ్చింది. రెండో ఏడు నుంచి మా ఊళ్లో నా ఈడు ఆడవాళ్లకు నేనే నేర్పుతున్నాను. వాళ్లు దీన్ని 'గంట ఇనుడు' అంటారు. సరోజనమ్మ 'ఎరుక' అంటుంది. రెండూ మంచి పేర్లే.

ఉట్నూరు అవతల ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు సులోచన, తన ఊరి ఆడవాళ్లకు కూడా నేర్పాలని సరోజనమ్మకు ఉత్తరం రాసింది. సరోజనమ్మకు మోకాళ్లు సహకరించడం లేదు. గిన్నె నా చేతిలో పెట్టి నన్ను పొమ్మంది. దారిలో మెట్‌పల్లిలో నా చెల్లె గంగవ్వ ఉంటుంది. దానికి ఇప్పుడు నలభై నాలుగేళ్లు, ఒకప్పటి నాలాగే నిద్ర లేదు. ముందు దాని దగ్గర రెండు రోజులు ఉండి, అక్కడి నుంచి పోదామనుకున్నాను.

జగిత్యాల బస్సు

మంగళవారం పొద్దున, జీవితంలో మొదటిసారి బోర్డు చదివి బస్సెక్కాను. ఇన్నేళ్లూ ఎవరినో ఒకరిని అడిగి ఎక్కినదాన్ని. మొదటి బస్సు నేను బోర్డు కూడబలుక్కునేలోపే కదిలిపోయింది. రెండోదానికి ఎదురుగా పోయి నిలబడ్డాను. చదవడం అయ్యేదాకా డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

బస్సులో ఒక రైతు కాలిపోయిన బోరు మోటరును బాగు చేయించడానికి గోనె సంచిలో పట్టుకుపోతున్నాడు. ఒక మలుపులో అది జారి నా సంచి మీద పడింది. తీసి చూస్తే కంచు గిన్నె అంచున వెంట్రుకంత చీలిక. వేలితో మీటితే గొంతు పట్టిన మనిషి దగ్గినట్టు పలికింది.

"ఏం గాలే అక్కా, పాలు పోస్తె కారవు" అన్నాడు ఆ రైతు, గిన్నెను వెలుతురుకు పెట్టి చూసి.

"కారుడు గాదు తమ్మీ, మోగాలె."

"గిన్నె ఎందుకు మోగాలె?"

ఎందుకు మోగాలో కోరుట్ల దాకా చెప్పాను. అంతా విని, "మా ఇంటామెకు గూడ గిట్లనే కోపమొస్తుంది. నేను ఒర్లి ఒర్లి సాలు చేసిన. గిన్నె కొనాలె ఇగ" అన్నాడు. కోరుట్ల బస్టాండులో ఒక పొట్లం మిర్చీలు కొని నా చేతిలో పెట్టి, గిన్నె సంగతి మనసులో పెట్టుకోవద్దని చెప్పి దిగిపోయాడు.

మెట్‌పల్లి

మా ఊళ్లో పొద్దున వాకిళ్లలో పేడ నీళ్ల వాసన వస్తుంది. మెట్‌పల్లిలో గంగవ్వ ఉండే వాడలో తునికాకు వాసన వస్తుంది. అక్కడి ఆడవాళ్ల ఒళ్లో ఎప్పుడూ ఒక చాట ఉంటుంది. చాటలో ఆకు, తంబాకు, కత్తెర, దారం. మాట్లాడుతూనే బీడీలు చుడతారు, తగవులాడుతూనే చుడతారు. పదేళ్ల పిల్ల నుంచి ముసలమ్మ దాకా వేళ్లు ఆగవు. మా వైపు నడుము నొప్పి నాట్లతో వస్తుంది, వాళ్లకు కూర్చుని కూర్చుని వస్తుంది. మగవాళ్లలో చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు. గంగవ్వ పెనిమిటి రాజన్న దుబాయి పోయి రెండేళ్లు. ఇంట్లో గంగవ్వ, దాని అత్త మల్లవ్వ, ఇద్దరే.

మల్లవ్వకు అరవై దాటాయి. నన్ను చూసి సంతోషపడింది. సర్వపిండి చేసి, వేడి మీదనే తినమని పక్కన కూర్చుంది. మేము పల్లీలు కొంచెం వేస్తాం, ఆమె చేతికి వచ్చినన్ని వేస్తుంది.

"మీ చెల్లెను జర చూడు బిడ్డా" అంది నాతో, గంగవ్వ నీళ్లకు పోయినప్పుడు. "ఊకె లేస్తది, కూసుంటది. రమ్మంటె మీదికొస్తది. గాలి సోకిందని దారం గట్టిచ్చిన. దానికి గాలీ లేదు, నాకు బుద్ధీ లేదు అంటది."

"గాలి గాదత్తా, ఈడు. నాకూ వచ్చిపోయింది."

"మాకెన్నడు రాలే గీ ఈడు. పొద్దంతా చేన్ల పనిచేసినోళ్లకు ఎట్లొస్తది" అంది మల్లవ్వ.

చిల్లు తలె

బుధవారం మధ్యాహ్నం మల్లవ్వ పసుపు చేనుకు కూలికి పోయింది. ఆ సందు చూసుకుని గంగవ్వ తన జతవాళ్లను నలుగురిని పిలిచింది. అందరూ నలభై దాటినవాళ్లే. చాటలు వాకిట్లో పెట్టించి, వాళ్లను లోపలి అర్రలో గోడకు ఆనించి కూర్చోబెట్టాను. తలుపు దగ్గరగా వేశాను.

గిన్నె గొంతు పోయింది కదా, ఏం కొట్టాలి? గంగవ్వ అటక మీద వెతికి ఒక కంచు తలె తీసింది. వాళ్ల మామ అందులో అన్నం తినేవాడట. అంచున అరిగి చిల్లు పడితే పక్కన పడేశారు. చిల్లులోంచి దారం దూర్చి దూలానికి వేలాడదీశాను. కట్టెతో కొడితే గిన్నె కంటే నాలుగింతలు మోగింది. నిజం చెప్పాలి, నాకు గర్వం కలిగింది. పోయిన గిన్నె కంటే దొరికిన తలె మేలు అనుకున్నాను.

ఒక దెబ్బ కొట్టాను. మోత పూర్తిగా చచ్చిపోయే దాకా ఆగాను. ఒక్కొక్కరే చేతులు లేపారు. మళ్లీ ఒక దెబ్బ. మళ్లీ ఆగడం. ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో గంగవ్వ ముఖం మెత్తబడింది. దాని కనుబొమల నడుమ ముడి విప్పుకోవడం చూశాను. ఇంకొక దెబ్బ కొట్టాను.

అప్పుడు బయట ఎవరో, "ఎవలు పోయిన్రమ్మా?" అన్నారు.

పోయి తలుపు తీశాను. వాకిలి నిండా జనం. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. అప్పుడు నాకు అర్థమైంది. మా వైపు పీనుగు లేచేటప్పుడు దాసరాయన శంఖం ఊది జేగంట కొడతాడు. అదీ ఇట్లాగే, ఒక దెబ్బ, మోత ఆగే దాకా నిశ్శబ్దం, మళ్లీ ఒక దెబ్బ. కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఏ మనిషికైనా తెలిసిన సంగతి. నాకు తెలియదా? తెలుసు. అరచేతిలోని చిన్న గిన్నె మోత గోడ దాటి పోదు కాబట్టి ఇన్నాళ్లూ ఆ ఆలోచన రాలేదు. వేలాడదీసిన తలె జేగంటే అవుతుందని పంతులమ్మ గర్వంలో తోచలేదు.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు చేనులో ఉన్నారు, ఒకరు తలుపులో నిలబడి ఉన్నారు. మరి గంట ఎవరి కోసం? చూసినవాళ్లు ఎవరి పేరూ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

చేనుకు కబురు ఎవరు మోశారో తెలియదు. మల్లవ్వ వాడ మలుపులో కనిపించింది. పరుగెత్తలేక పరుగెత్తుతోంది. ఎక్కడో పడినట్టుంది, మోచేతికి మన్ను, రక్తం. "కొడుకా రాజన్నా" అని ఒకటే మాట. వచ్చి గడప మీద కూలబడింది.

గంగవ్వ ఆమెను రెండు చేతులా పట్టుకుంది. "అత్తా, ఏం గాలే. ఎవలకేం గాలే. మా అక్క తలె కొట్టింది అంతే. ఇగో చూడు, తలె."

మల్లవ్వ దూలానికి వేలాడుతున్న తలెను చూసింది. నన్ను చూసింది.

"నా ఇంట్ల శావుగంట గొట్టినవా" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "మొగోడు దేశం మీద ఉన్న ఇంట్ల శావుగంట గొట్టినవా, పంతులమ్మా?"

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. వెనక్కి తీసుకుంది.

సాయంత్రం ముగ్గురం ఎస్టీడీ బూత్‌కు పోయాం. రాజన్న ఉండే కూలీల క్యాంపు నంబరుకు మూడుసార్లు చేశాం. మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. పని వేళ, అందరూ పనికి పోయి ఉంటారు, శుక్రవారం సెలవు కదా, ప్రతి శుక్రవారం రాజన్నే చేస్తాడు కదా అని బూత్ ఆయన నచ్చజెప్పాడు. మల్లవ్వ వినలేదు. "ఎందుకెత్తుతలేరు" అని బూత్ ఆయననే అడిగింది, ఎత్తకపోవడం ఆయన తప్పన్నట్టు.

మర్నాడు పొద్దున గంగవ్వ నా సంచి తెచ్చి వాకిట్లో పెట్టింది. "పో అక్కా. నీకోసం అక్కడ ఎదురుచూస్తుంటరు. ఈడ నువ్వు కనవడ్డప్పుడల్లా మా అత్తకు గా గంటే యాదికొస్తుంది. శుక్రారం ఫోనొస్తది. శనారం నువ్వు మల్ల రా."

"రాకుంటె?"

"ఫోనా, నువ్వా?" అంది. నేను సంచి భుజాన వేసుకున్నాను.

గోదావరి దాటి

ఆర్మూరు మీదుగా పోయే బస్సు సోన్ దగ్గర గోదావరి వంతెన ఎక్కింది. అందరూ చిల్లర తీసి నీళ్లలోకి విసిరారు. నేనూ విసిరి రాజన్న పేరు చెప్పుకున్నాను. నా రూపాయి నీళ్లను చేరకుండా ఇసుకలో పడింది. పక్కన కూర్చున్న ఆమె చూసి, "ఇసుక గూడ గంగమ్మదే తియ్" అంది. ముఖం తెలియని మనిషి నా మనసులో ఉన్నది విన్నట్టు మాట్లాడింది. ఆమె పేరు అడగనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

నిర్మల్‌లో బస్సు మారాలి. కొయ్యతో చేసిన జామకాయలు, సీతాఫలాలు అమ్మే దుకాణం ముందు నిలబడ్డాను. ఒక జామకాయను నిజంది అనుకుని నొక్కి చూశాను. దుకాణమాయన నవ్వలేదు. రోజుకు పదిమంది నొక్కుతారట.

నిర్మల్ దాటాక ఘాట్. బస్సు పాములాగా తిరుగుతూ ఎక్కింది. చెట్లు, మళ్లీ చెట్లు. మా వైపు గుట్ట అంటే బోడి రాయి, మధ్యాహ్నానికి కాలిపోతుంది. ఇక్కడ గుట్టలకు ఒంటి నిండా వెంట్రుకలు ఉన్నట్టున్నాయి. పత్తి బస్తాల బండ్లు బారులు తీరి పోతున్నాయి. దారి పొడుగునా ముళ్లకంపల మీద పత్తి పింజలు పట్టి ఉన్నాయి.

ఉట్నూరు అవతల

సులోచన నలభై ఏళ్ల మనిషి. గట్టిగా మాట్లాడుతుంది, సగం మాటలు మరాఠీ. ఆమె ఇంట్లో అడుగు పెట్టగానే చెంబెడు నీళ్లు, వెంటనే టీ. మా ఊళ్లో వచ్చినవాళ్లను ముందు 'ఎప్పుడు వచ్చినవు' అంటారు, వీళ్లు నీళ్లు తాగే దాకా ఏమీ అడగరు. రాత్రి జొన్న రొట్టె, శనగపిండితో చేసిన పిట్ల, మీద పచ్చి ఉల్లిగడ్డ. పిట్ల అంటే మన పప్పుకు కోపం వచ్చి గట్టిపడినట్టు ఉంటుంది. మూడు రొట్టెలు తిన్నాను. తినేటప్పుడు మాత్రం మల్లవ్వ గుర్తు రాలేదు, అందుకు సిగ్గుపడ్డాను.

శుక్రవారం పొద్దున అంగన్‌వాడీలో పన్నెండు మంది కూర్చున్నారు. కొందరు గోండు ఆడవాళ్లు, కొందరు మరాఠీ వైపు నుంచి వచ్చినవాళ్లు, గోచీ కట్టు చీరలు. నేను గంట మాట ఎత్తకుండా ముక్కులో గాలి గురించి, తుమ్మెద మూలుగు గురించి చెప్పాను. అరచెయ్యి రొమ్ము మీద పెట్టి మూలగమంటే మొదట నవ్వులే. ఒకామె మూలిగితే పక్కనామె, "ఇది తుమ్మెద గాదు, పిండి గిర్నీ" అంది. నవ్వులు ఆగాక మాత్రం బాగా కుదిరింది. పన్నెండు గొంతులు ఒక్కటై గోడలు సన్నగా వణికాయి.

"మరి గంట ఏది బాయీ?" అని అడిగింది జంగుబాయి. అరవై దగ్గర పడిన గోండు మనిషి, ఎడ్లు కాచుకునే ఇల్లు. "గంట ఇనిపిస్తరని సులోచన చెప్పింది. మేం దానికోసమే వచ్చినం."

నేను చీలిన గిన్నె తీసి చూపించాను. తరువాత మెట్‌పల్లిలో ఏమైందో అంతా చెప్పాను. ఆ రోజు శుక్రవారం. అదే వేళకు అక్కడ ఫోను రావాలి. వచ్చిందో లేదో నాకు తెలిసే దారి లేదు.

వాళ్లు విన్నారు. జంగుబాయి తెలుగు తక్కువ, సులోచన అక్కడక్కడ చెబుతూ ఉంది. అంతా విన్నాక జంగుబాయి విచిత్రంగా చూసింది.

"కంచు గొడితే శావెట్లైతది? మాకు శావంటే డప్పు. కంచు అంటే ఎడ్లు ఇంటికొచ్చుడు."

లేచి పోయి, ఎద్దు మెడలోంచి తీసిన గంటతో తిరిగి వచ్చింది. పిడికిలి కంటే కొంచెం పెద్దది, చుట్టూ నూలు పోగుల లాంటి గీతలు, లోపల కంచు నాలుక. గడ్డి, ఎద్దు చెమట కలిసిన వాసన. నాకు చేయి రాలేదు. ఆమే నడుమ కూర్చుని ఒకసారి ఊపింది. ఆ మోత లావుగా మొదలై దారంలా సాగింది. అందరి చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ ఏ ఇంటి వైపూ చూడలేదు.

అదే కంచు. గోదావరికి అవతల ఒకలాగ, ఇవతల ఒకలాగ వినిపిస్తుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివి ఉంటే బుధవారం జరిగేది కాదేమో.

మైనపు దారం

ఆ గంటలు చేసేవాళ్లు అదే దారిలో ఇంకో ఊళ్లో ఉన్నారని సులోచన సాయంత్రం తీసుకుపోయింది. కంచు పోత పోసే ఓజవాళ్ల ఇల్లు. మట్టి ముద్ద మీద ఒక ఆడమనిషి తేనె మైనాన్ని సన్నటి దారంలా తీసి, పక్కపక్కన చుడుతోంది. మన సకినాల చుట్టు లాగే, కాకపోతే వెంట్రుకంత సన్నం. దాని మీద మళ్లీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన సందులోకి కాగిన కంచు పోస్తారు. గంట మీది గీతలు ఆ మైనపు దారం గుర్తులే. మైనం పోయినా దాని ఆకారం మిగులుతుంది.

గంట కావాలంటే, "ఏ జంతువుకు?" అని అడిగింది ఆమె.

"ఆడవాళ్లకు" అన్నాను. సులోచన నవ్వాపుకోలేక బయటికి పోయింది.

ఆమె మాత్రం నవ్వలేదు. మూడు గంటలు తీసి, నన్ను దూరంగా రాళ్లకుప్ప దాకా పోయి నిలబడమంది. దగ్గర వింటే అన్నీ ఒకటేనట, దూరం నుంచి వింటేనే ఏది తనదో తెలుస్తుందట. మూడూ ఒకదాని వెనక ఒకటి ఊపింది. రెండోది నన్ను పిలిచినట్టు అనిపించింది. అదే తీసుకున్నాను. ధర కూడా ఎక్కువ చెప్పలేదు, మా ఊళ్లో మంచి ఇత్తడి చెంబుకు అయ్యేంత. నాలుక ఊగకుండా లోపల పత్తి కుక్కి ఇచ్చింది.

మళ్లీ మెట్‌పల్లి

శనివారం మధ్యాహ్నం మెట్‌పల్లిలో దిగాను. బస్టాండు నుంచి గంగవ్వ ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంటను గంట చేశాను. దారిలో ఉన్న ప్రతి బోర్డూ చదివాను. బట్టల దుకాణం, ఎరువుల దుకాణం, పళ్ల డాక్టరు, చదివిన బోర్డే మళ్లీ చదివాను. అన్ని అక్షరాలు నేను ఒక్క రోజులో ఎన్నడూ చదవలేదు. చివరికి చదవడానికి ఏమీ మిగల్లేదు.

వాడ మలుపు తిరిగాను. జనం గుంపు కనిపిస్తుందేమోనని చూశాను. అరుగుల మీద చాటలు కనిపించాయి. ఒకామె తలెత్తి, "అగో, జేగంట పంతులమ్మ వచ్చింది" అంది. పక్కనామె, "దాచుకోండ్రే, తలెలు దాచుకోండ్రి" అంది. అందరూ పకపక నవ్వారు. తిట్టు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. చావు ఇంటి వాడలో ఎవరూ అట్లా నవ్వరు.

మల్లవ్వ గడపలో కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. మోచేతికి పసుపు కట్టు. నన్ను చూడలేదు. "కాళ్లు కడుక్కో" అంది.

"ఫోను..."

"వచ్చింది. మంచిగున్నడు. కాళ్లు కడుక్కోమన్న గద."

నేను కాళ్లు కడుక్కోలేదు. అక్కడే వాకిట్లో కూర్చుని ఏడ్చాను. మూడు రోజుల నుంచి బిగపట్టుకున్నది ఒక్కసారి వదిలింది. గంగవ్వ వచ్చి నీళ్లిచ్చి, నవ్వుతూ చెప్పింది. శుక్రవారం పొద్దున ఆరింటికే మల్లవ్వ బూత్ తెరవకముందే మెట్ల మీద పోయి కూర్చుందట. పదకొండింటికి ఫోను వచ్చిందట.

"వాని గొంతు ఇనంగనే ఏడుపొచ్చింది" అంది మల్లవ్వ, ఇప్పుడు నా వైపు తిరిగి. "ఎందుకేడుస్తున్నవవ్వా అన్నడు. ఉల్లిగడ్డ కోస్తున్న బిడ్డా అన్న."

"ఎస్టీడీల ఉల్లిగడ్డలెక్కడియవ్వా అన్నడట" అంది గంగవ్వ.

"బూతాయన గూడ నవ్విండు. నవ్వనీ. నేనైతే గంట సంగతి చెప్పలే. మొన్న గూడ అందరు పనిమీదనే ఉండిరట. ఊకె పరేషాన్ అయిన." కత్తెర పక్కన పెట్టింది. "గా రెండు రాత్రులు మీ చెల్లె నా పక్కన్నే పన్నది. అప్పుడు చెప్పిన దానికి. వాడు పోయిన కాడికెల్లి నాకూ నిద్ర లేదని."

గంగవ్వ అంది: "రెండేండ్ల సంది గోడకు అవతల ఆమె మెలకువనే, ఇవతల నేను మెలకువనే. ఒకరికి తెలువకుండ ఒకరం."

నేను సంచి విప్పేటప్పుడు గంట బయటపడింది. దాచాలనుకున్నాను గాని మల్లవ్వ చూసింది.

"మల్ల ఏం తెచ్చినవ్?"

"ఎడ్ల గంట అత్తా. కొట్టను. ఊరికే తెచ్చుకున్న."

చెయ్యి చాపింది. ఇచ్చాను. లోపలి పత్తి పీకి ఒకసారి ఊపింది.

"మా ఎర్రెద్దుకు గిసుంటిదే ఉండె. వీసాకు ఎడ్లనమ్మినప్పుడు గంటతోనే ఇచ్చినం." గంటను ఒళ్లో పెట్టుకుంది. "పొద్దుగూకంగ చౌరస్తకాడ గంట ఇనవడ్తె పొయ్యి మీద నీళ్లు పెడ్తుంటి. రాజన్న ఎడ్లను కట్టేసి వచ్చెవరకు కాగుతుండె. ఒక్కనాడు తప్పలే."

తనే, "పిల్వు నీ చేతులు లేపెటోళ్లను" అంది. "ముందుగాల గంగవ్వ వాడ మొత్తం తిరిగి చెప్పి రావాలె. మా ఇంట్ల ఎవలు సావలే, గంట ఇంటున్నం అని."

గంగవ్వ ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది. ఈసారి తలుపు బార్లా తెరిచే పెట్టాం. మొన్నటి నలుగురికి ఇంకో ఇద్దరు తోడయ్యారు. మల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది, తనకు ఈ ఈడు ఎన్నడూ రాలేదని ఇంకోసారి చెప్పి. గంట ఎవరు ఊపాలని నేను చూస్తుంటే, గంగవ్వ చేతికి తనే ఇచ్చింది.

గంగవ్వ ఒకసారి ఊపింది. మోత వాకిలి దాటి, చాటలు దాటి, చౌరస్తా వైపు పోయింది. ఒక చెయ్యి లేచింది. రెండు లేచాయి. ఆరూ లేచాయి. నా చెయ్యీ లేచింది. మల్లవ్వ చెయ్యి మాత్రం లేవలేదు. ఆమె ఒక్కతే ఇంకా వింటోంది అనుకుని అందరం ఆగాం. నేను ముక్కులో గాలి చూసుకుంటూ ఇరవై దాకా లెక్కపెట్టాను. ఇంకో ఇరవై. చివరికి కళ్లు తెరిచాను.

మల్లవ్వ తల పక్కకు వాలి ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. సన్నగా గురక.

"ముసల్ది గెలిచింది" అంది ఒకామె గొంతు దించి.

"ఎవలు లేపకుండ్రి" అంది గంగవ్వ.

గంట నాలుకను వేళ్లతో పట్టుకుని, పత్తి మళ్లీ లోపల కుక్కాను. దాన్ని ఆ ఇంట్లోనే వదిలేద్దామని అప్పుడే నిశ్చయించుకుని గూటిలో పెట్టాను. నాకు చీలిన గిన్నె చాలు, ఇంటికి పోయి అతికించుకోవచ్చు. ఆడవాళ్లు గాజులు చప్పుడు కాకుండా చేతులు పట్టుకుని ఒక్కొక్కరే బయటికి నడిచారు. గంగవ్వ లేచి, అడుగులో అడుగు వేసుకుంటూ పోయి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.